ముందు వరుసలో పొగ

ఫిల్మ్‌నగర్‌లోని ఆ స్టూడియోలో, షూటింగ్ ఫ్లోర్ బయట నిలిపిన హీరో కారవాన్ తలుపు తెరిచి ఉంది. లోపల సోఫాలో హీరో వెనక్కి వాలి, ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. మాస్కు గొట్టం పక్కనున్న చిన్న ఆక్సిజన్ సిలిండర్‌కి తగిలించి ఉంది. గేటు దగ్గరున్న అంబులెన్స్‌లోంచి తెప్పించిన సిలిండర్ అది. ఆయనకు జబ్బేమీ లేదు. ఫైట్ షాట్ల మధ్య పీల్చుకుంటే అలసట తీరుతుందట. ముఖం తేటగా కనబడుతుందట.

మంచినీళ్ళ క్యాన్ దగ్గర నిలబడి జెరూష ఆ మాస్కు వంకే చూసింది. పొద్దుటినుంచీ ఆమె గొంతునిండా పొగ. తగలబడుతున్న ఊరి సీను అది. ఫ్యాన్లు ఆపేసి, తలుపులు మూసేసి, పొగ వదులుతున్నారు. ఊరి జనంగా జూనియర్ ఆర్టిస్టులు ఆ పొగలో పరిగెత్తాలి, ఏడవాలి, కెమెరా ఆగాక దగ్గుకోవాలి.

"సూస్తున్నవా పిల్లా? మనకేమో పొగ, గాయనకేమో సిలిండర్ల గాలి," అంది కొమురమ్మ. తలనెరిసేదాకా జనంలో నిలబడ్డ మనిషి ఆమె.

జెరూషకు ఒళ్ళు మండింది. అయితే హీరో చాలా దూరపు మనిషి. ఆమె అసలు మంట దగ్గరి మనిషి మీద. భువన మీద.

భువనది ముందు వరుస. ముందు వరుసలో నిలబడితే ముఖం తెరమీద కనిపిస్తుంది, డైరెక్టరు కంట్లో పడుతుంది, ఎప్పుడో ఒక డైలాగు వస్తుంది. జెరూషది ఎప్పుడూ రెండో వరుస, సరిగ్గా భువన వెనకాలే. ఎన్ని సినిమాల్లో నిలబడినా ఆమె చూసింది భువన జడనే. ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకున్నా ఆ జడే గుర్తొచ్చి ప్రార్థన చెదిరిపోయేది. కృష్ణానగర్‌లో ఇద్దరిదీ ఒకే సందు, కానీ మాటల్లేవు. ఒడ్డూ పొడుగూ ఒకటే, ఛాయ కూడా ఒకటే. మరి తనకేం తక్కువ? ఎవరిని ముందు నిలబెట్టాలో తేల్చేది ఏజెంట్ రవిచంద్ర. అతను నవ్వి, "నీ టైమూ వస్తుందమ్మా, ఓపిక పట్టు," అనేవాడు.

మళ్ళీ షాట్ మొదలైంది. పొగ యంత్రం ముందు వరుస పక్కనే బుసకొట్టింది. జనం కేకలు పెడుతూ పరిగెత్తారు. భువన నాలుగడుగులు వేసి ఆగిపోయింది. గుండెమీద చెయ్యి పెట్టుకుని దగ్గుతూ కింద కూర్చుంది.

"కట్! ఎవరమ్మా అది?" మైకులో డైరెక్టరు విసుగు.

'వేషాలు. అందరూ తననే చూడాలి,' అనుకుంది జెరూష.

అంతలో భువన ఇటు తిరిగింది. పెదవులు నీలంగా మారుతున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంట పడుతోంది. ఏదో చెప్పబోతోంది, ఒక్క మాటకు సరిపడా గాలి కూడా అందడం లేదు. అది నటన కాదని జెరూషకు అర్థమైంది.

అయినా, ముందు వరుసలో ఇప్పుడొక చోటు ఖాళీ అయిందన్న ఊహ ఆమె మనసులో మెదిలింది. మెదలలేదని ఈ కథలో అబద్ధం రాయను. మనల్ని అలా తయారుచేసి పెట్టారు.

భువన చెయ్యి చాచి జెరూష చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. మునిగిపోయే మనిషి పట్టులా ఉంది అది. జెరూష పక్కనే కూలబడి ఆమెను భుజానికి ఆనించుకుంది.

"బెన్సన్! రావయ్యా!" అని అరిచింది.

అంబులెన్స్‌లో పనిచేసే టెక్నీషియన్ బెన్సన్ పరిగెత్తుకొచ్చాడు. "పడుకోబెట్టకండి, కూర్చోబెట్టే ఉంచండి. చుట్టూ మూగకండి, తలుపులు తియ్యండి." ఆమె వేలికి క్లిప్ పెట్టాడు, స్టెతస్కోపుతో ఛాతీ విన్నాడు. "ఆస్తమా. బాగా ముదిరింది. ఆక్సిజన్ ఇప్పుడే పెట్టాలి. చిన్న సిలిండర్ కారవాన్‌లో ఉంది, ఎవరైనా తెండి!"

ప్రొడక్షన్ మేనేజర్ కాశీవిశ్వనాథం అడ్డం వచ్చాడు. "హీరోగారు రెస్ట్‌లో ఉన్నారు. ఇప్పుడు డిస్టర్బ్ చెయ్యడానికి వీల్లేదు."

"అయితే బండెక్కిద్దాం సార్. బండిలో పెద్దది ఉంది. అట్నుంచటే ఆసుపత్రికి పోతాం."

"బండి కదిలితే రోప్ షాట్ ఆగిపోతుందయ్యా. అంబులెన్స్ లేకుండా హీరోగారు రోప్ కట్టుకుని గాల్లోకి లేవరు. ఆటో పిలిపిస్తున్నా, అందులో పంపిద్దాం."

"ఆటోలో ఆక్సిజన్ ఎక్కడుంటుంది సార్? దారిలోనే పోతుంది!"

"నీకు జీతమిచ్చేది ఎవరి కోసం? గుర్తుందా?"

బెన్సన్ చెయ్యి చాచి, "బండి తాళం ఇవ్వండి," అన్నాడు.

హీరో లొకేషన్‌లో ఉన్నంతసేపూ డ్రైవరు ఎటూ కదలకుండా తాళం తన దగ్గరే పెట్టుకోవడం మేనేజర్ అలవాటు. ఆయన చొక్కా జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. భువనను కొమురమ్మకు అప్పగించి జెరూష లేచింది. ఆ చేతిని పక్కకు తోసి, జేబులోంచి తాళం లాగేసుకుంది. ఆయన ఆమె జుట్టు పట్టుకోబోయాడు. అప్పుడు జనం కదిలింది. కాసేపటి క్రితం కెమెరా కోసం పరిగెత్తినవాళ్ళు, ఇప్పుడు నిజంగా పరిగెత్తి మేనేజర్‌కీ జెరూషకీ మధ్య గోడలా నిలబడ్డారు. లైట్‌మేన్లు నిచ్చెనలు దిగి భువనను చేతుల మీద మోసుకుపోయారు.

జెరూష ఇచ్చిన తాళంతో డ్రైవరు బండి తీశాడు. లోపల బెన్సన్ మాస్కు పెట్టాడు, మందు పొగమంచులా మారి లోపలికి పోయేలా గొట్టం తగిలించాడు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ ట్రాఫిక్‌లో సైరన్ మోగుతూనే ఉంది. భువన కళ్ళు మూతలు పడసాగాయి, ఎగశ్వాస నెమ్మదించింది.

"తగ్గుతోందా?" అంది జెరూష ఆశగా.

"లేదక్కా, అలిసిపోతోంది. ఊపిరి తీసే ఓపిక అయిపోతోంది." బెన్సన్ మాస్కు మార్చి, రబ్బరు సంచి తగిలించాడు. "ఇది ముఖానికి గట్టిగా అదిమి పట్టు. నేను నొక్కుతా."

అతను నొక్కినప్పుడల్లా భువన రొమ్ము లేచింది. వదిలినప్పుడల్లా దిగింది. బంజారాహిల్స్ ఆసుపత్రిలో డాక్టర్లు చూస్తూనే గొంతులోకి గొట్టం వేసి, వెంటిలేటర్ మీద పెట్టారు.

సాయంత్రం ఆసుపత్రి ఆవరణలో రవిచంద్ర కనిపించాడు. జెరూషను పక్కకు పిలిచాడు.

"కోపంలో ఏదో చేశావు, నేను సర్ది చెప్తాలే. మేనేజర్‌గారి కాళ్ళకి దండం పెట్టెయ్. రేపు భువన చోట్లో నువ్వు నిలబడాలి. కంటిన్యుటీ కుదరాలి కదా, అదే చీర, అదే జడ. నువ్వైతే తేడా తెలీదు. సినిమా అంతా ముందు వరుసే. డైలాగు కూడా అడుగుతా."

ఇన్నేళ్ళూ ఆమె కోరుకున్నది అదే. సినిమాలో ఊరి జనం ముందు తన ముఖం. జెరూష వెంటనే కాదనలేదు. "ఆలోచించుకుంటానండీ," అని లోపలికి వెళ్ళింది.

ఐసీయూ అద్దం ముందు భువన తల్లి అనసూయమ్మ నిలబడి ఉంది. లోపల యంత్రం గాలి పంపుతోంది, భువన రొమ్ము దాని లెక్క ప్రకారం లేచి పడుతోంది.

"నువ్వేనా జెరూషవి?" అంది అనసూయమ్మ. "నువ్వంటే దానికెంత కుళ్ళో నీకు తెలుసా?"

"నేనంటేనా?" జెరూష తెల్లబోయింది.

"రాత్రింబగళ్ళు నీ గోలే. 'వెనకాల జెరూష కాచుకుని ఉందమ్మా, నాకంటే కళగా ఉంటుంది, ఒక్కసారి దగ్గానా నా చోటు దానికిచ్చేస్తానన్నాడు రవిచంద్ర' అనేది. అందుకే జబ్బు సంగతి ఎవరికీ చెప్పలేదు. పీల్చే మందు కూడా ఇంట్లోనే వదిలి వచ్చేది, నువ్వు చూస్తావని."

జెరూష అద్దానికి చెయ్యి ఆనించి నిలబడిపోయింది. తనకు చెప్పిన మాటలూ భువనకు చెప్పిన మాటలూ ఒకే నోటి నుంచి వచ్చాయి. తను ఆ జడను చూసి కాలిపోయింది. ఆ జడ గల పిల్ల వీపు వెనక తనను తలచుకుని ఊపిరి బిగబట్టింది. ఇద్దరూ ఒకరినొకరు కాపలా కాస్తుంటే పొగ యంత్రం వైపు చూసేవాళ్ళే లేరు.

ఆ సాయంత్రమే కృష్ణానగర్ సందులో జనం చేరారు. అరుగుల మీద, మెట్ల మీద, బైకుల మీద కూర్చున్నారు. బెన్సన్‌ను ఉద్యోగంలోంచి తీసేశారన్న వార్త అప్పటికే అందరికీ తెలుసు.

"రేపు పోకపోతే ఇంకెప్పుడూ పిలవరు. ఇంటి కిరాయి ఎవరు కడతారు?" అంది ఒకామె.

"యూనియన్ పెద్దలకి చెబుదాం," అన్నాడు ఇంకొకడు.

"పెద్దలు ఆ హీరో పుట్టినరోజుకి దండలేసి వచ్చిన్రు, తెల్వదా?" కొమురమ్మ లేచి నిలబడింది. "నేను మొదటిసారి పొగల నిలబడ్డప్పుడు నా ఎంట్రుక తెల్లగ లేకుండె. గాడ దగ్గినోళ్ళని గాడనే వదిలేసి వస్తిమి. ఎవ్వలన్న పడిపోతే, పాపం అనుకుంట దాని చోట్ల పోయి నిలబడ్డం. గిట్లనే కదా మనల్ని వాడుకున్నది?"

అప్పుడు జెరూష తనకొచ్చిన బేరం బయటపెట్టింది. అనసూయమ్మ చెప్పిన మాటా చెప్పింది.

"నాకు ఇప్పటికీ ఆశగానే ఉంది," అంది. "ముందు వరుస అంటే నాకూ ఆశే. కానీ రేపు నేను నిలబడితే నా వెనకాల ఇంకో పిల్ల నిలబడి, నేనెప్పుడు పడతానా అని చూస్తుంది. నేను నిలబడను. మీరూ నిలబడకండి. పొగ వదిలే చోట జనం కోసం అంబులెన్స్ ఉండాలి, ఆక్సిజన్ ఉండాలి, దాని తాళం మేనేజర్ జేబులో ఉండకూడదు. బెన్సన్‌ని మళ్ళీ తీసుకోవాలి. అప్పటిదాకా ఎవరూ పొగలోకి పోవద్దు."

"రవిచంద్ర వేరే జనాన్ని తెస్తే?"

"తేనియ్, వాళ్ళతో గూడ మాట్లాడదాం. వాళ్ళకేమన్న వేరే ఊపిరితిత్తులున్నయా?" అంది కొమురమ్మ.

తెల్లవారి ఫ్లోర్ ముందు జనం బైఠాయించారు. లైట్‌మేన్లూ వచ్చి కూర్చున్నారు. రవిచంద్ర మధురానగర్ వైపు నుంచి బస్సు నిండా కొత్తవాళ్ళను దింపాడు. వాళ్ళలో ఒక అమ్మాయి భువన చీరలాంటి చీర కట్టుకుని ఉంది. జెరూష ఎదురెళ్ళింది.

"ఆ చీర ఎవరిదో తెలుసా చెల్లీ?"

"కంటిన్యుటీ కోసం అన్నారు. ముందు వరుసంట."

"నిన్న ఇలాంటిదే కట్టుకున్న పిల్ల వెంటిలేటర్ మీద ఉంది. పొగకి ఊపిరాడక పడిపోతే బండి ఇవ్వలేదు."

ఆ అమ్మాయి రవిచంద్ర వైపు తిరిగింది. "చెప్పలేదేంటండీ?" అతను బస్సు వెనక్కి తప్పుకున్నాడు. ఆమె వచ్చి కొమురమ్మ పక్కన కూర్చుంది. కొందరు బస్సు దగ్గరే తటపటాయించారు, ఇద్దరు ముగ్గురు తల వంచుకుని వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నేలమీద కూర్చున్నారు.

కాశీవిశ్వనాథం ఫోను చేశాడు. పోలీసులు వచ్చారు. మేనేజర్ మీద దాడి చేసిందని జెరూషనీ, అంబులెన్స్ ఎత్తుకుపోయాడని బెన్సన్‌నీ జీపెక్కించారు. "ఊపిరి మాది! పొగ మీది!" అని జనం అరిచారు. జీపు కదులుతుంటే జెరూష వెనక్కి తిరిగి చూసింది. వాళ్ళంతా వరుసలు లేకుండా, ఎవరు ముందో ఎవరు వెనకో తెలియకుండా, భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. వాళ్ళను చూస్తే ఆమెకు అసూయ కలిగింది. తను అక్కడ లేకుండా పోతోంది కదా అని.

ఆ రోజు ఆ ఫ్లోర్‌లో పొగ లేవలేదు. మధ్యాహ్నానికి పక్క ఫ్లోర్ జనం కూడా పని ఆపి బయటికి వచ్చారు.

స్టేషన్‌లో ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. "జర సోంచాయించమ్మా, ఆలోచన చెయ్యి. గా స్టూడియో దిక్కు మళ్ళ పోనని చెప్పు, ఇప్పుడే ఇంటికి పంపిస్త. లేకుంటే కోర్టుల పెడతం."

అప్పుడే అనసూయమ్మ గుమ్మంలోకి వచ్చింది. ముఖం చూస్తే ఏడ్చినట్టే ఉంది, నవ్వుతోంది.

"గొట్టం తీశారే జెరూషా! సొంతంగా తీసుకుంటోంది ఊపిరి. గొంతు పెగలడంలేదు, అయినా కళ్ళు తెరుస్తూనే ఏమడిగిందో తెలుసా? నా చోట్లో ఎవరు నిలబడ్డారే అమ్మా అని."

"నువ్వేం చెప్పావు పిన్నీ?"

"ఎవరూ నిలబడలేదన్నాను. నమ్మలేదు. అందరూ కూర్చున్నారన్నాను."

బెన్సన్ గట్టిగా నవ్వాడు. కానిస్టేబుల్ కసిరాడు. బయట కొమురమ్మ గొంతు, దాని వెంట ఎన్నో గొంతులు స్టేషన్ గేటు దాకా వచ్చేశాయి.

"ఏమంటవమ్మా మరి?" అన్నాడు ఎస్సై. "పోనని చెప్తవా?"

"పోతాను సార్," అంది జెరూష. "మీరెప్పుడు వదిలితే అప్పుడు, ఇక్కణ్ణుంచి అక్కడికే."