నేను ఊడింది జంతికల వల్ల కాదు

ఇలా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ. నా గొంతు చిన్నది గాని, కోపం చిన్నది కాదు.

నేను వంకర పళ్లను సరిచేసే తీగను పట్టి ఉంచే ఒక పంటి క్లిప్పును. వడ్లగింజలో సగం ఉంటాను. ఎక్కడో యంత్రాల మధ్య ఉక్కుతో పుట్టి, పొట్లంలో ప్రయాణం చేసి, చీరాలలో బట్టలకొట్టు పైనున్న పళ్ల ఆసుపత్రికి చేరాను. అక్కడ శశిభూషణ్ డాక్టరు నన్ను ఇందుజ అనే ఎనిమిదో తరగతి పిల్ల ముందుపంటికి అతికించాడు. వారం తిరక్కుండానే ఊడి అన్నం ముద్దలో పడ్డాను.

"జంతికలు కొరికావు కదూ?" అన్నాడు డాక్టరు.

"లేదు సార్. మెత్తన్నమే తింటన్నా."

"అందరూ ఇదే చెప్తారమ్మా!" అని నవ్వి మళ్లీ అతికించాడు. మళ్లీ ఊడాను. ఈసారి పెదనాన్న ఇంట్లో భోజనాల దగ్గర వాళ్ల నాన్న, "మా దానికి నోరు కట్టుకోవడం చేతకాదు. పైగా అబద్ధాలు" అన్నాడు అందరి ముందూ. పిల్ల కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆ నోట్లోకి ఏం వచ్చిందో, ఏం రాలేదో నాకంటే ఎవరికి తెలుసు? నన్ను అడగరు సరే, పిల్ల చెబితే నమ్మరేం? ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు.

అసలు సంగతి విను. ఇందుజ పళ్ల మీద తెల్లమచ్చలుండేవి. పంటికి తగ్గిన సత్తువ మళ్లీ పట్టడానికి, నేను రాకముందే డాక్టరే ఒక పేస్టు రాసిచ్చాడు. మంచిదే. వాళ్లమ్మ కోటేశ్వరి రోజూ రాత్రి రాసేది. ఆసుపత్రికి బయలుదేరే రోజు మాత్రం, చుట్టాలింటికి వెళ్లేముందు పిల్లకి పౌడరు అద్దినట్టు, ఇంకోసారి దట్టంగా పట్టించేది.

"కడగమాకు. మానకుండా రాస్తన్నామని సారుకి తెలవాలిగా!"

నన్ను అతికించే ముందు పంటిని బాగా తోమి, ఆసిడ్ పెట్టి పైపొరను కాస్త గరుకు చేయాలి. ఆ గరుకులోకి జిగురు దిగితేనే నాకు పట్టు. బయట జనం కాచుకుని ఉన్నారని డాక్టరు తోమడం ఎగ్గొట్టాడు. పేస్టు పొర అడ్డం పడి ఆసిడ్ పంటిని సరిగా తాకలేదు. నేను కూర్చుంది పేస్టు మీద. ఊడక ఏం చేస్తాను?

మూడోసారి కుర్చీలో పిల్ల నోరు తెరవనంది. "నేను తిన్నానని మీరెట్టా చూశారు సార్? ముందది చెప్పండి."

బతిమాలి తెరిపించి, విసుగ్గా పంటి మీద వేలితో రుద్దాడు. తెల్లగా అంటింది.

"ఇదేంటమ్మా?"

"మీరిచ్చిందే సార్! ఇప్పుడే రాసుకొచ్చాం" అంది కోటేశ్వరి గర్వంగా.

డాక్టరు ముఖం మాడింది. "వచ్చేటప్పుడు రాయకండి, జిగురు పట్టదు" అని, పంటిని శుభ్రంగా తోమి కొత్త క్లిప్పు అతికించాడు. అంతే. పిల్ల వైపు తిరిగి 'పొరపాటు నాదే' అన్న ఒక్క మాట అనలేదు. మనుషులకు అంత నోరుండీ ఆ ఒక్క మాట రాదు!

చెత్తబుట్టలో పడబోతున్న నన్ను ఇందుజ దూదిలో చుట్టి తెచ్చుకుంది. మెట్లు దిగుతుంటే కోటేశ్వరి కళ్లు తుడుచుకుని, "ఐస్‌క్రీమ్ కొనిపెట్టనా అమ్మా?" అంది.

"ఏమొద్దు. పెదనాన్న వాళ్లింటికి పద. నాన్నని కూడా రమ్మను. నేను తినలేదని అక్కడే, అందరి ముందే చెప్పు."

చెప్పింది. నాన్న తల దించుకున్నాడు.

ఇప్పుడు ఇందుజ పెన్సిళ్ల డబ్బాలో ఉన్నాను. ఎవరి పిల్లకైనా క్లిప్పు ఊడితే, జంతికల డబ్బా వైపు చూసే ముందు పిల్ల మాట వినమను. ఇది గుర్తుపెట్టుకో తల్లీ, నా బదులు నలుగురికీ చెప్పు.