కాలికి కట్టిన రాఖీ

వాన... రాత్రంతా రేకుల మీద వాన. తెల్లారేసరికి చినుకుల్లోకి దిగింది.

నిన్న సాయంత్రం గాలికి పెద్ద కొమ్మొకటి కరెంటు తీగల మీద విరిగిపడింది. అప్పటి నుంచి వీధంతా చీకటి. తమ్ముడి కుట్టుమిషను ఆగిపోయింది. అమ్మ నోరు మాత్రం ఆగలేదు.

ఇవాళ రాఖీ.

అక్క స్తంభాలెక్కే మనిషి. నడుముకు బెల్టు, తలకు గట్టి టోపీ, చేతులకు రబ్బరు తొడుగులు. వీధిలో అందరూ లైన్‌మన్ అక్క అంటారు. మొదట్లో వేళాకోళానికే అన్నారు. ఇప్పుడు దీపం ఆరితే చాలు, దేవుణ్ణి తలుచుకున్నట్టు తలుచుకుంటారు.

ఆ పిలుపు వింటే అమ్మ గుండెల్లో రాయి పడుతుంది.

క్రితం నెల స్తంభం మీద అక్క కాలు జారింది. బెల్టు ఆపింది కాబట్టి బతికింది. అమ్మకు తెలియకూడదనుకుంది గానీ, పక్కింటావిడ ఊరుకుంటుందా!

అప్పటి నుంచి వంటింట్లో గుసగుసలు — అమ్మా, తమ్ముడూ. అక్క అడుగు పెట్టగానే ఇద్దరికీ గిన్నెల మీద ఎక్కడలేని శ్రద్ధ. నిన్న మాత్రం అమ్మ మాటలు చెవిన పడ్డాయి.

"రాఖీ కట్టించుకున్నాక అడగరా. పండగపూట నీ మాట కాదనలేదు. ఉద్యోగం మానెయ్యమను. కాపాడాల్సినవాడివి నువ్వు. అది కాదు."

తమ్ముడేమన్నాడో వానలో కలిసిపోయింది.

అందుకే ఇవాళ అక్కకు భయం. స్తంభం మీద ఎప్పుడూ ఎరగని భయం. చంకనేసుకుని తిప్పిన తమ్ముడు... వాడడిగితే కాదనగలదా? పైనుంచి కనిపించే తడి కప్పులు, చేతికందేంత దగ్గరగా మబ్బు, దీపాలు వెలగగానే కింద నుంచి లేచే పిల్లల కేక — ఇవన్నీ వదిలేసి నేల మీద ఎలా బతకాలి?

చినుకులు... చినుకులు...

జరీ మెరుస్తున్న రాఖీ పట్టుకుని నిలబడింది.

"చెయ్యి చాపరా."

తమ్ముడు చెయ్యి చాపలేదు. ఆమె ముందు నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

"ముందు నువ్వు కాలు చాపక్కా."

"ఏం, చెప్పులు కుట్టడం కూడా మొదలెట్టావా?"

జేబులోంచి తీశాడు. నూలుదారాల అల్లిక. సగం నీలం, సగం ఎరుపు, నడుమ అతుకు. జరీ ఒక్క పోగైనా లేదు.

"చేతికనే అల్లాను. తీరా అయ్యాక గుర్తొచ్చింది, పనిలో నీ చేతికి ఏమీ ఉండకూడదని. కాలికేమో చాలలేదు. నీలం అయిపోయింది, ఎర్రది కలిపాను."

అమ్మ చీపురు వదిలేసి వచ్చింది.

"నువ్వు కట్టడమేంట్రా? అదీ కాలికి! ఎక్కడైనా ఉందా? నలుగురూ నవ్విపోరూ?"

"నవ్వనీ. పైన అక్కని నిలబెట్టేది ఆ కాలే కదమ్మా. నేనేమో నిచ్చెనెక్కితేనే కళ్ళు తిరిగేవాణ్ణి. ఎవరు ఎవర్ని కాపాడుతున్నారో నువ్వే చెప్పు."

అడగలేదు. వాడు అడగలేదు.

అక్క కళ్ళు నిండిపోయాయి. సంతోషమే. దాచుకోవాలనిపించలేదు.

"మరి నీకేం ఇవ్వాలిరా?"

"కరెంటివ్వు. పెళ్ళివారి జాకెట్లు కత్తిరించినవి కత్తిరించినట్టే ఉన్నాయి."

పకపకా నవ్వింది. నవ్వుతూనే తన జరీ రాఖీ వాడి మణికట్టుకు కట్టింది. వాడు ఆమె చీలమండకు కట్టాడు. ఈ ఇంట్లో ఈ పండక్కి రెండు ముళ్ళు పడటం ఇదే మొదటిసారి.

అమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా వంగింది. ముడిని వేలితో లాగి చూసింది.

"దర్జీవటరా నువ్వు? ఇంత వదులా? ఊడిపోతే ఏం గాను... ఇంకో ముడి వెయ్యి."

మానెయ్యమనలేదు. మానొద్దనీ అనలేదు.

అక్క మేజోడు పైకి లాక్కుని బూటు తొడుక్కుంది. నూలు కాలికి మెత్తగా ఒత్తుకుంది.

స్తంభం తడిగా ఉంది. ఒక్కో అడుగూ చూసుకుని ఎక్కింది. సగం దూరంలో బెల్టు సరిచూసుకుంటూ కిందికి చూసింది.

గొడుగు కింద తమ్ముడు. పక్కన... అమ్మ.

ఇన్నేళ్ళలో అమ్మ ఒక్కసారైనా ఏ స్తంభం దగ్గరికీ రాలేదు. ఇవాళ గొడుగు దాటి ముందుకొచ్చి, తల పూర్తిగా పైకెత్తి చూస్తోంది.

వాన... అమ్మ ముఖం మీద వాన. తుడుచుకోవట్లేదు.