ఎక్సలెన్సీ గెలిచిన సాయంత్రం

ఒడుబిరి టౌన్‌హాల్ గుమ్మం దగ్గర మాజీ గవర్నర్ అనుచరుడు ఇనాటిమి, అతని మనుషులు అందరి ఫోన్లూ లాక్కుని చేపల బుట్టలో పడేశారు. ఎదురుతిరిగిన ఒకడి ముక్కు అక్కడే పగిలింది.

లోపల సెనేట్ ఉప ఎన్నిక లెక్కింపు చివరికొచ్చింది. గెలిచినవాడి పేరు ప్రకటించాల్సింది ఎన్నికల అధికారిగా వచ్చిన ప్రొఫెసర్ లయేఫా. ఆమె మైకులో ఒకసారి చదివితే మళ్లీ మార్చగలిగేది కోర్టు ఒక్కటే. ఒక దీవి నుంచి ఓట్ల లెక్క తెచ్చే పడవ ఇంకా రాలేదు. అప్పటికి మాజీ గవర్నర్ పెరెకెమె వెనకబడి ఉన్నాడు.

"ఏరా ఇనాటిమీ, ఎనిమిదేళ్లు మేసినా మీ ఆయన ఆకలి తీరలేదట్రా?" అన్నాడు ప్రత్యర్థి ఏజెంటు ఒయిన్‌కురో, కాల్చిన అరటికాయ నములుతూ.

"నోరు మూసుకుని తిను, బాబాయ్. ఆయన వస్తున్నాడు."

పెరెకెమె వచ్చాడు. ముందే అంకెలు నింపిన కాగితం బల్లమీద పడేశాడు.

"ఏజెంట్ల సంతకాలు లేకుండా నేను చదవను," అంది లయేఫా.

"పెట్టు," అన్నాడు పెరెకెమె ఒయిన్‌కురోతో.

"పడవ రానీ. నిజంగా గెలిస్తే నేనే వంగి దండం పెడతా."

పెరెకెమె పిస్తోలు తీసి అతని గొంతులో కాల్చాడు. ప్రొఫెసర్ తెల్ల గౌను ఎర్రబడింది. గవర్నర్‌గా ఉన్నన్నాళ్లూ ఏ కేసూ అతని గుమ్మం తొక్కలేదు. ఆ పదవి పోయి ఏడాదయిందన్న సంగతి చేతికి గుర్తులేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. జేబురుమాలుతో పిస్తోలు తుడిచి ఇనాటిమి చేతిలో పెట్టాడు.

"నువ్వే కాల్చావు. నెలలో బయటికి తెస్తా. ఇంతకుముందు తేలేదా?"

తెచ్చాడు, రెండుసార్లు. అప్పుడు జైళ్లు అతనివి. ఇప్పుడున్న కొత్త గవర్నర్‌కి వీళ్ల పేరు చెబితేనే ఒళ్లు మంట. ఉరి కాగితం మీద సంతకం పెట్టేది ఆ గవర్నరే.

"ఈసారి మీ మాట ఎవడు వింటాడు, ఎక్సలెన్సీ?"

"సెనేటర్ మాట ఎవడు వినడ్రా?"

ఇంతలో దీవి పడవ ఒడ్డుకు చేరింది, అక్కడి ఏజెంట్ల సంతకాలతో ఓట్ల లెక్క వచ్చింది. లయేఫా అసలు అంకెలు కూడింది. మళ్లీ కూడింది. తర్వాత మైకులో చదివింది. పెరెకెమె గెలిచాడు, దొంగ కాగితం అవసరం లేకుండానే. ఒయిన్‌కురో ఇంకో కాసేపు అరటికాయ నములుతూ కూర్చున్నా పెరెకెమె గెలిచేవాడు.

బయట డప్పులు మొదలయ్యాయి. పోలీసు అధికారి లోపలికొచ్చి శవాన్ని చూశాడు, పిస్తోలునీ చూశాడు, పెరెకెమెకి సెల్యూట్ కొట్టాడు.

"అభినందనలు, సెనేటర్."

"వీణ్ణి తీసుకెళ్లండి," అన్నాడు పెరెకెమె ఇనాటిమి వైపు చూడకుండానే. "ముసలాణ్ణి అన్యాయంగా చంపేశాడు."

ఇనాటిమి తన మనుషుల వైపు చూశాడు. అందరూ నేల చూపులు చూస్తున్నారు.

"తుపాకి కింద పెట్టరా," అన్నాడు అధికారి.

"పెడతా సార్. ఉరి ఎలాగూ నాకే కదా. చేయని దానికెందుకు, చేసిన దానికే ఎక్కుతా."

పెరెకెమె అప్పుడు తల తిప్పాడు. ఇనాటిమి రెండుసార్లు కాల్చాడు. కొత్త సెనేటర్ ఒయిన్‌కురో కాళ్లమీద అడ్డంగా పడ్డాడు.

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆ చప్పుళ్లు విని బయట జనం విజయోత్సవం అనుకున్నారు. డప్పులు ఇంకా గట్టిగా వాయించారు.