ఎవరూ ఎత్తుకోకండి

వదిన ఫోన్ చేసేసరికి మామగారి నెత్తి మీద రబ్బరు బాతు ఉంది.

మాది ఫోటో స్టూడియో. ఆ పూట స్టూలు మీద ఏడాది నిండని బాబు, పాస్‌పోర్టు ఫోటో కోసం. అంత చిన్నవాళ్లు కదలకుండా కూర్చోలేరు కాబట్టి వాళ్ల అమ్మ తెల్లదుప్పటి కప్పుకుని, వెనక గోడలా నటిస్తూ వాణ్ణి పట్టుకోవాలి. బాతును ఆడించి వాడి చూపు కెమెరా మీదికి తేవడం మామగారి పని. మా ఆయన లైటు పట్టుకున్నారు. ఆ బాబు అక్క ఏడవకపోయినా అత్తగారు ఆ పిల్లని చంకనెత్తుకున్నారు. చేతులు ఖాళీగా ఉన్నది నాకొక్కదానికే కాబట్టి శుభవార్త నాకే దక్కింది.

“ఒప్పుకున్నారు,” అంది వదిన. “పాపని తెచ్చుకోవచ్చట.”

ఆ మాట నేను పైకి చెప్పగానే బాతు కిందపడింది, బాబు కిలకిలా నవ్వాడు, పాస్‌పోర్టు ఫోటోలో నవ్వకూడదు గనక ఆ ఫోటో కాస్తా పాడైంది. దుప్పటి కింద నుంచి వాళ్ల అమ్మ, అయిపోయిందా అండీ అని అడిగింది. దుప్పటితో సహా ఆవిణ్ణి వాటేసుకున్నంత పని చేశాం.

వదిన అంటే మా ఆయనకి అక్క. మందుల షాపులో పనిచేస్తుంది. ఆవిడ భర్త, అంటే నాకు వరసకు అన్నయ్యగారు, లిఫ్టులు బాగుచేస్తారు. ఆయన రోజు మొత్తం మీద మాట్లాడే మాటలు లిఫ్టులో ఉండే బొత్తాల కంటే తక్కువ. వాళ్లకి పిల్లల్లేరు. వేరే దేశంలో ఒక అనాథాశ్రమంలో పెరుగుతున్న రెండున్నరేళ్ల పాపని దత్తత తీసుకోవాలని కాళ్లరిగేలా తిరుగుతున్నారు. ఆ రోజుతో తిరగడం అయిపోయింది. నాకైతే కాలు నేల మీద ఆగలేదు. కోడలినై నాలుగు నెలలు నిండకుండానే అత్తనైపోయాను. ఇంత తొందరగా ప్రమోషన్ నా కాలేజీ స్నేహితురాళ్లలో ఎవరికీ రాలేదు.

సాయంత్రం వదిన స్వీటు డబ్బాతో పాటు ఒక నియమం కూడా పట్టుకొచ్చింది. దత్తత ఆఫీసులో ఒకావిడ చెప్పిందట. పాప ఇప్పటికే ఎన్నో చేతులు మారింది, తల్లెవరో తండ్రెవరో దానికి తెలిసిరావాలంటే మొదటి కొన్ని వారాలూ ఎత్తుకోవడం, అన్నం పెట్టడం, ఏడిస్తే ఊరుకోబెట్టడం వాళ్లిద్దరే చెయ్యాలి. తక్కిన బంధువులు దూరం నుంచి చూడొచ్చు. అంతే.

ఈ మాట ఏ ఇంట్లో చెప్పినా కష్టమే. మా ఇంట్లో చెప్పడమంటే పిల్లిని పాలకుండకి కాపలా పెట్టడమే. పిల్ల కనబడితే చాలు, అత్తగారి చేతులు ఆవిడతో చెప్పకుండానే ముందుకు వెళ్లిపోతాయి. ఒకసారి బస్టాపులో ఎవరి పిల్లనో ఎత్తుకుని, ఆ తల్లి ఎక్కాల్సిన బస్సు తనే ఎక్కేశారు. ఇక మామగారు. ముఖంలో ఏ నరం ఎలా తిప్పుతారో గానీ, ఎంత మొండిఘటమైనా ఆయన్ని చూసి నవ్వాల్సిందే. నవ్విన పిల్లలు ఇక ఆయన వేలు వదలరు.

“చూడమంటే చూస్తాం,” అన్నారు మామగారు నిజాయితీగా. “చూసి ఊరుకోమంటేనే కష్టం.”

వదిన నవ్వలేదు. లేచి, నేను ఫోటోలు కత్తిరించే వెనకగదిలోకి వచ్చింది. ఆ గదంటే నాకు ప్రాణం. ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకి చోటుండదు. మా ఆయనా నేనూ రోజూ అక్కడ అవసరానికి మించి ఫోటోలు కత్తిరిస్తాం.

“నవ్వులాట కాదు పిల్లా,” అంది. “నేనెత్తుకుంటే పిల్లలు ఏడుస్తారు. మందుల వాసన అందామంటే, ఉద్యోగం రాకముందు కూడా అంతే. నా చేతుల్లోంచి నాన్న చేతుల్లోకి దూకేవాళ్లే అందరూ. రేపు ఇదీ అలాగే దూకితే నేను దానికి అమ్మనెప్పుడవుతాను?”

ఆవిడ వెళ్లాక ఆ మాట ఉన్నదున్నట్టు అత్తగారికీ మామగారికీ చెప్పేశాను. అత్తగారు తన చేతుల వంక చూసుకున్నారు, మామగారు రబ్బరు బాతుని తీసి సొరుగులో పెట్టేశారు. మా ఇంట్లో అది మామూలు విషయం కాదు.

మర్నాటి నుంచి సాధన మొదలైంది. అత్తగారు చేతులు వెనక్కి కట్టుకుని తిరగడం అలవాటు చేసుకున్నారు. స్కూలు తనిఖీకి వచ్చిన ఆఫీసరులా ఉన్నావని మామగారు ఎగతాళి చేస్తే, ముందు మీ ముఖం ఇస్త్రీ చేయించుకోండి, తర్వాత నా చేతుల సంగతి చూద్దాం అన్నారావిడ. ఆయన నిజంగానే అద్దం ముందు నిలబడి, ఏ భావమూ లేని ముఖం కోసం తంటాలు పడ్డారు. అది కొంచెం కుదిరిన రోజున షాపుకొచ్చిన ఒకాయన, ఇంట్లో ఎవరు పోయారండీ అని పరామర్శించి వెళ్లాడు.

రిహార్సల్ కూడా వేశాం. మా ఆయన పాప, నేను వదిన. ఆయన నా హ్యాండ్‌బ్యాగు భుజాన తగిలించుకుని మోకాళ్ల మీద గుమ్మంలోంచి వచ్చారు. దాహమనగానే అత్తగారు గ్లాసుతో పరుగెత్తారు. తప్పు. ఈసారి పాప ఏడ్చింది. నటిస్తున్నది మీసాలున్న కన్నకొడుకే అని తెలిసీ అత్తగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అదీ తప్పే. చివరికి మామగారి ముఖం చూసి పాపకే నవ్వాగక నేల మీద పడి దొర్లింది. ఎత్తుకునే హక్కు నాదే కాబట్టి ఎత్తబోయాను. నడుం పట్టేసింది. అయినా పెళ్లయ్యాక నేను గడిపిన మంచి సాయంత్రాల్లో అదొకటి.

వదినా అన్నయ్యగారూ విమానం ఎక్కారు. అక్కడి నుంచి వదిన చేసే ఫోన్లు రోజురోజుకీ చిన్నవయ్యాయి. పాప ఏడవట్లేదట. అదే ఆవిడ బెంగ. హోటల్లో గది తుడిచే మనిషి చెయ్యి చాపితే వెళ్లిపోతోంది. ముక్కూ మొహం తెలియని పెద్దాయన వేలు పట్టుకుని ఆయన గదికి బయల్దేరింది. వదిన ఎత్తుకుంటే మాత్రం కర్రలా బిగుసుకుపోతోంది. దానికి నేనూ ఆ పెద్దాయనా ఒకటే, అంది వదిన. ఆ మాట విన్నాక అత్తగారు అన్నం తినేటప్పుడు కూడా ఎడమచెయ్యి వెనక్కే పెట్టుకున్నారు.

వాళ్లు తిరిగొచ్చే సాయంత్రం మేం ముందే వదిన ఇంటికి చేరి, తలుపుకి ఎదురుగా ఉన్న గోడకి వరసగా నిలబడ్డాం. స్టూడియో అలవాటు కొద్దీ ఎత్తుల ప్రకారం సర్దుకున్నాం. తలుపు తెరుచుకుంది. ముందు పెట్టె, పెట్టె వెనక అన్నయ్యగారు, ఆయన వెనక వదిన, పక్కన పసుపు స్వెట్టరులో పాప. వదిన చెయ్యి పాప పట్టుకోలేదు. ఎవరి దగ్గరికి వెళ్దామా అన్నట్టు అప్పుడే చూపులు మా వైపు తిప్పింది.

అత్తగారు చేతులు వెనక్కి విరిచి కట్టుకుని, పోలీసులు పట్టుకొచ్చిన మనిషిలా ఉన్నారు. మా ఆయన, కిందికి చూస్తే నవ్వొస్తుందని పైకప్పు చూస్తున్నారు. నేను పెదవి కొరుక్కుంటున్నాను. మామగారి ముఖంలో ఏమీ లేదు. ఇన్నాళ్లకి పూర్తిగా కుదిరింది. అలాంటి ముఖం నేను మళ్లీ చూడదలుచుకోలేదు.

పాప మమ్మల్ని ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది. మామగారి దగ్గర ఆగింది. కింది పెదవి వణికింది. ఆ తర్వాత అన్ని అంతస్తులకీ వినబడేలా ఒక్క కేక పెట్టి, వెనక్కి తిరిగి వదిన కాళ్లని చుట్టేసుకుంది. అంతటితో ఆగక, చెట్టెక్కినట్టు ఎక్కి, చంకలో చేరి, మెడలో ముఖం దాచేసుకుంది.

వదిన కదల్లేదు. భుజం మీద పిట్ట వాలిన మనిషిలా నిలబడిపోయింది.

పాప ఏడుపు చూసి అత్తగారూ ఏడ్చారు గానీ చేతులు విప్పలేదు. కారే ముక్కు నేనే తుడిచాను. నా మొహం మండ, నేనే బయటికి పోతాను అని గొణుగుతూ మామగారు అడుగు వేయబోయారు. అప్పుడు అన్నయ్యగారు నోరు విప్పారు.

“కాసేపు అలాగే ఉండండి మామయ్యా,” అన్నారు. “పని చేస్తోంది.”

అలాగే ఉన్నాం. వదిన పాప వీపు నిమురుతూ గదిలో అటూ ఇటూ తిరిగింది. మా ముందు నుంచి వెళ్లినప్పుడల్లా పాప ఆవిడ మెడని ఇంకాస్త గట్టిగా పట్టుకుంటోంది. వదిన అది కనిపెట్టి, పనిలేకపోయినా మా ముందు నుంచే ఇంకో రెండుసార్లు తిరిగింది.

ఏడుపు వెక్కిళ్లలోకి దిగాక సోఫాలో కూర్చుని అరటిపండు తుంచి పెట్టింది. పాప ఆవిడ ఒళ్లోంచి దిగకుండా, మా మీద ఒక కన్నేసి ఉంచి తింది.

“ఇవాళ్టికి నాకిది చాలు,” అంది వదిన. “కానీ ఇది మీకు భయపడి నా దగ్గరికొచ్చింది. అలా ఎన్నాళ్లు? నావాళ్లంటే దెయ్యాలనుకుంటూ పెరగకూడదు. రేపు పొద్దున రండి. మామూలుగా కూర్చోండి, మామూలుగా పోట్లాడుకోండి. ఎత్తుకోవద్దు, అంతే. మనం ఎలాంటివాళ్లమో నా ఒళ్లో కూర్చుని అదే చూస్తుంది.”

“నవ్వొచ్చా?” అని అడిగారు మామగారు, ముఖం ఇంకా విప్పకుండా.

“రేపు, నాన్నా.”

మెట్లు దిగుతూ మా ఆయన చెవిలో నా బెంగ చెప్పాను. పెళ్లయిన దగ్గర్నుంచీ మేమిద్దరం ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు. రేపు అందరి ముందూ ఉన్నట్టుండి దేనికని పోట్లాడతాం? ఆయన కాస్త ఆలోచించి, నువ్వు గురకపెడతావు కదా, అది చాలదా అన్నారు. పెట్టనన్నాను. పెడతావన్నారు. రికార్డు చేసి చూపించమన్నాను.

అత్తగారు ఒక మెట్టు పైనుంచి అంతా విన్నారు.

“ఇప్పుడే ఖర్చు పెట్టేసుకోకండి,” అన్నారు. “రేపు తొమ్మిదింటికల్లా అక్కడుండాలి. తగువు నేను మొదలుపెడతాను, మీ మామగారు అందుకుంటారు, కాస్త వేడెక్కాక గురక సంగతి మీరు తీయండి.”