పిడికిలి పరీక్ష

చెయ్యి పూర్తిగా చచ్చుబడితేనే ఆపరేషన్ అని రూలు రాసినవాళ్లూ, చెయ్యి బాగుందని చెప్తేనే గేటు పాసు అని కూలీల నోళ్లు నొక్కినవాళ్లూ, ఇది మీరంతా కలిసి చేసిన పని. మాకేం తెలుసని తప్పించుకోవద్దు. తిరుపతమ్మ కుడి బొటనవేలి కింద కండ కరిగిపోయి గుంట పడింది. ఆ గుంట తవ్వింది మీరే.

మరాఠీ గడ్డ మీద, ఘుగ్గుస్ దగ్గర ఒక బొగ్గు యార్డులో ఆమె కాంట్రాక్టు కూలీ. బొగ్గు పెళ్లల్ని సుత్తెతో పగలగొట్టాలి, రాళ్లు ఏరి అవతల పారెయ్యాలి. ఏళ్ల తరబడి అదే పని. మణికట్టులో నరం నలిగి మొదట వేళ్లు తిమ్మిరెక్కాయి. తర్వాత మంటలు. ఇప్పుడు మంట కూడా లేదు, అసలు భయం అదే. పెనం మీద రొట్టె తిప్పుతుంటే వేలు కాలిన సంగతి వాసన వచ్చాకే తెలుస్తోంది. మణికట్టుకు పట్టీ కట్టారు, సూది వేశారు, లాభం లేకపోయింది. ఇక కోసి నరానికి సందు ఇవ్వడమే దారి, ఆలస్యమైతే పోయిన కండ తిరిగి రాదు. సర్కారు పథకం కింద పైసా లేకుండా చేస్తారు. కాకపోతే కాగితం మీద ‘తీవ్రం’ అని డాక్టరు రాయాలి. ఆ ఒక్క మాట కోసం కూతురు హేమలతను వెంటబెట్టుకుని చంద్రపూర్‌లో సర్కారు దవాఖానకు వచ్చింది.

నరాలకు కరెంటు పెట్టి చూసే మిషను చెడిపోయి మూలన పడి ఉంది. అది బాగయ్యేదాకా చేతి పట్టు చూసి తేల్చెయ్యమని పైనుంచి ఆర్డరు. డాక్టరు కుర్రవాడు, మరాఠీ మనిషి. ఇనుప పిడి ఉన్న మీటరు ఆమె చేతికిచ్చి, పిన్నీ అన్నట్టు ‘మావశీ, నొక్కు’ అన్నాడు.

తిరుపతమ్మ నొక్కింది. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి, భుజం బలమంతా కిందికి దింపి నొక్కింది. ముల్లు గిర్రున లేచింది. మెడ మీద చెమటలు కారుతున్నా మొహాన మాత్రం నవ్వు.

‘మస్తు పట్టుంది మావశీ’ అన్నాడు డాక్టరు మరాఠీలో, రాసుకుంటూ. ‘తీవ్రం కిందికి రాదు. పట్టీ కట్టుకో. ఆర్నెల్లయ్యాక మళ్లీ చూద్దాం.’

హేమలతకు ఒళ్లు మండింది. ‘ఏందమ్మా ఇది? పొద్దుగాల నీ జాకెట్ హుక్కులు నేను పెట్టిన. తల నేను దువ్విన. ఈడికొచ్చి పహిల్వాన్ లెక్క పిసుకుతున్నవ్.’

‘ఇనుము చేతుల పెట్టంగనే నాకు తెల్వకనే అయిపాయె బిడ్డా.’

అబద్ధం కాదు. గేటు పాసు కొత్తది ఇచ్చే ముందు కాంట్రాక్టరు పంపిన డాక్టరు ఏటా ఇట్లాంటి మీటరే నొక్కిస్తాడు. ముల్లు లేవకపోతే మర్నాటి నుంచి పని లేదు. అందుకే యార్డు ఆడవాళ్లకు ఆ నొక్కుడు ఒక విద్య. మోచెయ్యి ఆనించాలి, ఊపిరి బిగబట్టాలి, నవ్వాలి. కొత్తగా చేరినవాళ్లకు దగ్గరుండి నేర్పేది తిరుపతమ్మే.

‘మళ్లొకసారి చూడండి సార్’ అంది హేమలత, అతని భాషలోనే.

‘ఇంత నొక్కినామె ఇప్పుడు మెల్లగా నొక్కితే నాటకమంటారు పైవాళ్లు. నా సంతకానికి నేనే జవాబు చెప్పుకోవాలి.’

అప్పుడే తలుపు దగ్గర గొంతు వినిపించింది. ‘ఏం తిరుపతక్కా, నువ్వీడ?’

యార్డు సూపర్‌వైజర్ కనకరాజు. కొత్తగా చేరిన ఆడకూలీలను సర్కారు ఫిట్‌నెస్ కాగితాల కోసం జీపులో వేసుకొచ్చాడు. తిరుపతమ్మ చెయ్యి కొంగు కిందికి పోయింది.

‘ఈమె మీ మనిషేనా? పని బాగా చేస్తుందా?’ అడిగాడు డాక్టరు.

‘ఫస్ట్ క్లాస్ సాబ్. సుత్తె పడితే మొగోళ్లు పనికిరారు.’ కనకరాజు ఆమె వైపు తిరిగాడు, గొంతు మెత్తగా ఉంది. ‘చెయ్యి మంచిగనే ఉంది గదా అక్కా? లేదంటే చెప్పు, ఇంకో మనిషిని చూసుకుంటం.’

హేమలత తల్లి చెవి దగ్గరికి వంగింది. ఇందాకటి కోపం లేదు. ‘పోదాం పా అమ్మా. పాసు పోతే ఏం తింటం?’

తిరుపతమ్మ తలుపు అవతలికి చూసింది. వరండాలో గోడకానుకుని వనిత, నిన్నగాక మొన్న పనిలో చేరిన పిల్ల, ఉత్త పిడికిలి బిగిస్తూ సాధన చేస్తోంది. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించింది. ఊపిరి బిగబట్టింది. నవ్వుతోంది.

తిరుపతమ్మ కొంగు కింది చెయ్యి తీసి బల్ల మీద పరిచింది.

‘డాక్టర్ సాబ్, ఇన్నేండ్లు అబద్ధం నేనే చెప్పిన. చెప్తేనే బువ్వ పుట్టింది మరి. సూది తీస్కో. నేను కండ్లు మూసుకుంట, వేలికి గుచ్చి చూడు.’

‘సూది లెక్కలోకి రాదు మావశీ, మీటరే…’

‘గుచ్చమంటున్న గదా.’

డాక్టరు ఒకసారి కనకరాజు వైపు చూసి, సూది తీశాడు. ఆమె కళ్లు మూసుకుంది. సూది ఎప్పుడు తగులుతుందా అని ఎదురుచూసింది.

‘ఏం సాబ్, ఇంకెప్పుడు గుచ్చుతవ్?’

కూతురి ఏడుపు విని తిరుపతమ్మ కళ్లు తెరిచింది. చూపుడువేలి కొన మీద రక్తం చుక్క నిలబడి ఉంది.

కనకరాజు మెల్లగా వెనక్కి జరిగాడు.

‘ఆగు సారూ, యాడికి పోతున్నవ్?’ తిరుపతమ్మ కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. ‘సాబ్, నువ్వు రాయి. తీవ్రమని రాసి తారీఖు ఏసియ్యి. మీటరే గావాల్నంటే నా మోచెయ్యి పక్కటెముకలకు ఆనకుంట నువ్వు పట్టుకోని మళ్ల నొక్కియ్యి. బయటున్న పిల్లల చేతులు గూడ గట్లనే చూడు, వాళ్ల నవ్వు చూడకు. కనకరాజు సారూ, నువ్వు నీ సేటుకు ఈడికెల్లే ఫోన్ కొట్టు. తిరుపతమ్మ చెయ్యి మీ సుత్తెతోనే పోయింది, మానేదాంక పాసు ఆపద్దని చెప్పు, నేను వింట. రెండు పనులు ఇప్పుడే గావాలె. అయ్యేదాంక నేను గీ కుర్చీలకెల్లి లేవ.’