వాసన: లేదు

పద్మిని ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టినప్పుడు కాశీవిశ్వనాథం ఒక మోకాలి మీద వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. తల ఎత్తకుండానే గట్టిగా గాలి పీల్చి, "అబ్బ, ఘాటు" అన్నాడు.

ఆమె మూత పెట్టేసింది.

రెండేళ్లుగా పొద్దున్నే ఇదే తంతు. ఆ చలికాలం వచ్చిన జ్వరం పది రోజుల్లో తగ్గింది. పోతూ పోతూ వాసనను తీసుకుపోయింది. రోజూ ఏదైనా ఘాటైనది వాసన చూస్తుంటే తిరిగి రావచ్చని డాక్టరు చెప్పింది. పద్మినికి ఇంగువకు మించిన ఘాటు తోచలేదు. ఆరు నెలలు 'లేదు, లేదు' అని చెప్పి చెప్పి, ఆమె ముఖం చూడలేక ఒకరోజు 'వస్తోంది' అనేశాడు. ఆ పూట ఆమె పాయసం చేసింది. ఆ తర్వాత మాట వెనక్కి తీసుకోవడానికి అతనికి ధైర్యం చాలలేదు.

పొట్టి మనిషి. అరవై ఒక్కేళ్లు. ఎండలో పదిహేనేళ్లు, మంచులో పదిహేనేళ్లు గడిపిన ముఖం, పాత తోలు సంచిలా ముడతలు పడి ఉంటుంది. చేతివేళ్ల కణుపుల దగ్గర చర్మం అక్టోబరు రాగానే పగులుతుంది. రాజమండ్రిలో చమురు కంపెనీ కాంట్రాక్టరు దగ్గర చేరాడు. అక్కణ్ణుంచి కువైట్, అక్కణ్ణుంచి కెనడాలోని ఎడ్మంటన్. ఎక్కడికి వెళ్లినా అదే నీలం ఓవరాల్, అదే ఇనుప టోపీ. ఎవరూ అతన్ని తిట్టలేదు. ఎవరూ పెద్దగా గుర్తుపెట్టుకోనూ లేదు.

ట్రక్కు ఎక్కగానే ఛాతీకి తగిలించుకునే చిన్న గ్యాసు మానిటర్‌ను పరీక్షించాడు. పరీక్ష గ్యాసు సోకగానే అది కీచుమంది. అది ఊరుకున్నాక ఛాతీకి తగిలించుకుని బయల్దేరాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఎడ్మంటన్ చుట్టుపక్కల చమురు పడింది. ప్రపంచానికంతా కార్లు కావాల్సివచ్చిన రోజులవి. పొలాల్లో, అడవుల్లో, ఆదివాసుల రిజర్వు భూముల్లో ఎక్కడపడితే అక్కడ బావులు తవ్వారు. నగరం ఎత్తైన మేడలు కట్టుకుంది. చమురు అయిపోయిన బావుల్లో సిమెంటు పోసి కంపెనీలు పేర్లు మార్చుకున్నాయి, చేతులు మారాయి, కొన్ని మాయమయ్యాయి. బావులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి దగ్గరికి వెళ్లి, లీకు ఉందేమో చూసి, ఫారం నింపడం కాశీవిశ్వనాథం పని.

ఫారంలో పదకొండు గళ్లున్నాయి. తొమ్మిదోది అతనికి శత్రువు. 'వాసన: ఉంది / లేదు.'

కుళ్లిన గుడ్ల వాసన వేసే విషవాయువు ఈ బావుల్లో ఉంటుంది. మానిటర్ ఒక మోతాదు దాటితేనే మోగుతుంది. మనిషి ముక్కు అంతకంటే చాలా ముందే పట్టేస్తుంది. అందుకే ఆ గడి. రెండేళ్లుగా ప్రతి బావి దగ్గరా ఆగి, ఊపిరి పీల్చి, ఏమీ తెలియక, 'లేదు' అని రాస్తున్నాడు. మొదటిసారి రాసినప్పుడు రాత్రంతా నిద్రపట్టలేదు. ఇప్పుడు నిద్ర పడుతోంది. ఆ సంగతే అప్పుడప్పుడు అతన్ని భయపెడుతుంది.

పెన్షన్‌కు ఇంకా నాలుగేళ్లు. ముక్కు లేని మనిషిని ఈ పనిలో ఒక్క రోజు కూడా ఉంచరు.

మధ్యాహ్నానికి రెండు బావులు చూశాడు. రెండుసార్లు ఆఫీసుకు ఫోన్ చేసి క్షేమంగా ఉన్నానని చెప్పాడు. ఒంటరిగా తిరిగేవాళ్లు రెండు గంటలకోసారి చెప్పాలి. అటువైపు ఫోనెత్తేది నిఖిల, వరంగల్ పిల్ల, సేఫ్టీ చూస్తుంది. పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, 'అంకుల్, నాకు హార్ట్ అటాక్ తెప్పించి మీరు పెన్షన్ తీసుకుందామనుకుంటున్నారా' అంటుంది.

రోడ్డు పక్కన ట్రక్కు ఆపి అన్నం సంచి విప్పాడు. పులిహోర గిన్నె పక్కన ఇంగువ డబ్బా ఉంది. పసుపుపచ్చ ప్లాస్టిక్ డబ్బా, తెల్ల మూత. పొరపాటున పెట్టిందేమో అనుకుంటూ మూత తిప్పి అరచేతిలో కొద్దిగా ఒంపుకున్నాడు. తెల్లగా, మెత్తగా పడింది. నాలుక మీద వేసుకున్నాడు.

బియ్యప్పిండి.

మూత వదులుగానే పెట్టాడు. తర్వాత ఇంటికి ఫోన్ చేశాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"నాలుగు రోజులు" అంది పద్మిని. "అంతకుముందు రోజు పాలు విరిగిపోయి గిన్నెలో కంపు కొడుతుంటే కాఫీ కలుపుకుని తాగేశారు. అప్పుడు అనుమానం వచ్చింది."

"అడగొచ్చుగా."

"అడిగితే నిజం చెప్పే మనిషైతే అడిగేదాన్ని. ఆ గ్యాసు దగ్గర తిరుగుతూ ఇదేం పనండీ? ఇవాళ ఆ అమ్మాయికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

తనే చెబుతానన్నాడు. సాయంత్రం ఆఫీసుకు వెళ్లి, ఎదురుగా కూర్చుని. ఫోన్ పెట్టేశాక ఒళ్లు తేలికపడుతుందనుకున్నాడు. చెమట పట్టింది. డబ్బాను డాష్‌బోర్డు మీద పెట్టి, పులిహోర ముట్టుకోకుండానే మూతపెట్టాడు.

అంతలో నిఖిలే ఫోన్ చేసింది. దక్షిణాన రిజర్వులో ఉండే మార్గరెట్ అనే పెద్దావిడ ఇవాళ తెల్లవారుజామున కంప్లయింట్ లైనుకు ఫోన్ చేసి మెసేజ్ పెట్టిందట. మూడు రోజులు బావి నుంచి కంపు వచ్చిందట, ఇప్పుడే ఆగిపోయిందట. తగ్గిపోయింది కాబట్టి అర్జెంటు కాదు గానీ, దగ్గర్లోనే ఉన్నారు కదా, ఒకసారి చూసి రమ్మంది.

మార్గరెట్ అతనికి తెలుసు. ఎనభై రెండేళ్ల మనిషి, క్రీ అనే ఆదివాసీ తెగ, ఒక్కతే ఉంటుంది. ఏప్రిల్‌లో వెళ్లినప్పుడు టీ ఇచ్చింది. ఆ బావిని పంతొమ్మిది వందల యాభై ఒకటిలో వాళ్ల ఇంటిముందే తవ్వారు. ప్రభుత్వ ఏజెంటు కాగితం చదివి వినిపించాడట, వాళ్ల నాన్న వేలిముద్ర వేశాడట. 'చదివినదంతా కాగితంలో ఉందో లేదో ఏజెంటుకే తెలియాలి' అని నవ్వింది. బదులుగా కంపెనీవాళ్లు ఒక రేడియో ఇచ్చారు. నాలుగుసార్లు రిపేరు చేయించి ఇప్పటికీ అదే వింటుంది. మరుసటేడు వాళ్ల చిన్నాన్న ఆ పల్లంలోనే పడి చనిపోయాడు. ఆ మాట చెప్పి, వాసన గురించి ఇంకేదో కూడా అంది. కాశీవిశ్వనాథం అప్పటికే ఫారం నింపుతున్నాడు. తొమ్మిదో గడి దగ్గర ఉన్నాడు.

ఇరవై నిమిషాలు డ్రైవ్ చేశాక అతనికి అసలు సంగతి తట్టింది.

ట్రైనింగులో మొదటి రోజే చెబుతారు. ఆ వాయువు కొంచెంగా ఉంటే కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కును చంపేస్తుంది. ఆ తర్వాత ఏమీ తెలియదు. వాసన ఆగిందంటే గాలి బాగుపడిందని కాదు. వాసన లేకపోవడానికి విలువెంతో తనకంటే ఎవరికి తెలుసు?

యాక్సిలరేటర్ తొక్కాడు. గాలి కదలడం లేదు. దారి పక్క చెట్ల పసుపు ఆకులు బొమ్మలో ఆకుల్లా ఉన్నాయి. గాలి లేని రోజు ఆ వాయువు పల్లంలో నీళ్లలా నిలుస్తుంది. మార్గరెట్ ఇల్లు పల్లంలో ఉంది.

గేటు మిట్ట మీద ఉంటుంది. అక్కడ ట్రక్కు ఆపి అద్దం దింపగానే మానిటర్ కీచుమంది. అద్దం ఎత్తేసి, రోడ్డు వైపు వంద గజాలు వెనక్కి పోనిచ్చి, అది ఊరుకున్నాక ఇంజన్ ఆపాడు. హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కింద ఇల్లు చిన్నగా, తెల్లగా కనిపిస్తోంది. అతని చూపు దాన్ని దాటి వెనక గుట్ట దాకా పోలేదు. వంటింట్లో దీపం వెలుగుతోంది. వాకిట్లో కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె నంబరుకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది.

నిఖిలకు చెప్పాడు.

"అంకుల్, మీరు దిగొద్దు" అంది. గొంతులో వేళాకోళం లేదు. "గాలి సిలిండర్లతో క్రూని పంపిస్తున్నా. ఫార్టీ మినిట్స్. మీరు రోడ్డు దగ్గరే ఉండి ఎవర్నీ రానివ్వకండి."

"నలభై నిమిషాలు ఆమె ఉండదమ్మా."

"రూల్ మీకు తెలుసు కదా అంకుల్. పడిపోయినవాళ్ల కోసం వెళ్లినవాళ్లే ఎక్కువ పోతారు. మీరే నాకు చెప్పారు."

అతను అద్దంలోంచి కిందికి చూశాడు. ఇంత భయం కువైట్‌లో బావి అంటుకున్నప్పుడు కూడా వేయలేదు.

"నిఖిలా, ఏప్రిల్‌లో ఇక్కడ 'వాసన లేదు' అని రాశాను. అది అబద్ధం. నాకు వాసన తెలీదు. రెండేళ్లయింది. అప్పుడే లీకు మొదలై ఉంటే నేను కనిపెట్టి ఉండను."

అటువైపు కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"అన్ని చోట్లా అలాగే రాశాను. అన్నీ మళ్లీ చూడమని చెప్పు."

"అంకుల్, అదంతా తర్వాత మాట్లాడదాం. మీరు ట్రక్కులోనే కూర్చోండి. ప్లీజ్."

అతను ఫోన్‌ను ఇంగువ డబ్బా పక్కన పెట్టాడు.

సీటు వెనక ఒక చిన్న గాలి సీసా, దానికొక మాస్కు ఉంటాయి. ఐదు నిమిషాల గాలి. ప్రమాదంలోంచి బయటికి పరిగెత్తడానికి ఇచ్చారు, లోపలికి వెళ్లడానికి కాదు. మాస్కు బిగించేటప్పుడు పట్టీ మూడుసార్లు జారింది. అయినా దిగాడు. దిగువకు పరిగెత్తాడు. మానిటర్ ఆగకుండా అరుస్తోంది. బావి దాటాడు. వాకిలి మెట్లు ఎక్కేసరికి లోపల ఎవరో మాట్లాడుతున్నారు.

రేడియో. రేపటి వాతావరణం చెబుతోంది.

తలుపు తోశాడు. వంటింట్లో లేదు. పడకగదిలో మంచం మీద దుప్పటి నాలుగు మడతలు వేసి ఉంది. స్నానాల గదిలో లేదు. సామాను గదిలో పెట్టెల వెనక కూడా చూశాడు. పేరు పెట్టి అరిచాడు. మాస్కులో ఆ అరుపు అతనికే వినిపించింది. అప్పుడు తలుపు వెనక మేకు చూశాడు. కోటు లేదు. కింద బూట్లు లేవు. పొయ్యి ఆర్పి ఉంది.

ఏప్రిల్‌లో టీ కప్పు చేతికిస్తూ ఆమె అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. "మా అమ్మ చెప్పేది. కంపు కొట్టినంతసేపు ఇంట్లో ఉండు. కంపు ఆగిన క్షణం అన్నీ వదిలేసి గుట్టెక్కు."

కిటికీలోంచి చూశాడు. ఇంటి వెనక గుట్ట మీద, వాళ్లవాళ్ల సమాధుల కంచె దగ్గర, ఎర్ర కోటు వేసుకున్న ముసలావిడ నిలబడి రెండు చేతులూ ఊపుతోంది. రమ్మని కాదు. వెళ్లిపొమ్మని.

సీసా ఈల వేయడం మొదలుపెట్టింది. ఈల అంటే ఇంకో అర నిమిషం.

మెట్లు దిగాడు. గడ్డిలో పరిగెత్తాడు. బావిని దాటాడు. ఎగువకు పది అడుగులు వేశాడో లేదో మాస్కు ముఖానికి అతుక్కుపోయింది. ఊపిరి బిగబట్టి ఇంకా కొన్ని అడుగులు. గేటు పక్క కంచె కనిపిస్తోంది. అరవై ఒక్కేళ్ల ఛాతీ అంతకంటే ఒప్పుకోలేదు. మాస్కు లాగేసి గాలి పీల్చాడు.

ఏ వాసనా రాలేదు.

గుట్ట మీది నుంచి మార్గరెట్ చూసింది. ఆ పొట్టి మనిషి గేటు కంచె దగ్గర ఆగి, బూటు లేసు ఊడితే కట్టుకోవడానికన్నట్టు ఒక మోకాలి మీద వంగాడు. ఎంతసేపటికీ లేవలేదు. ఆమె చేతులు ఊపడం ఆపింది.

రోడ్డు మీద, ట్రక్కులో, ఫోన్ మోగింది. నిఖిల పేరు వెలిగి ఆరింది, మళ్లీ వెలిగింది. కాసేపటికి పద్మిని పేరు వెలిగింది. ఫోన్ వణికినప్పుడల్లా పక్కనున్న పసుపుపచ్చ డబ్బా కొద్దికొద్దిగా జరిగి అద్దానికి ఆనుకుంది. మధ్యాహ్నం సరిగా బిగించని తెల్ల మూత చుట్టూ, నల్లటి డాష్‌బోర్డు మీద, చిటికెడు బియ్యప్పిండి రాలి ఉంది.