ఎర్ర ట్రేలో అరవై మూడు మంది

ఆ పరిశోధనా సంస్థలో పని తీరే వేరు. జనం చేత్తో నింపిన సర్వే ఫారాలను ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. జవాబులు ఒకదానితో ఒకటి పొసగకపోతే ఆ ఫారం కిటికీ పక్కనున్న ఎర్ర ట్రేలో పడుతుంది. పని ముగిశాక, ట్రేలోవి లెక్కలోంచి తీసేశామని చదివినవాళ్లూ ఎక్కించినవాళ్లూ ఇద్దరూ ఒక చీటీ మీద సంతకం చెయ్యాలి. రెండు సంతకాలూ పడందే నివేదిక గుమ్మం దాటదు. ప్రొఫెసర్‌గారు స్వయంగా పెట్టిన నియమం అది. తన మెడకే చుట్టుకుంటుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండరు.

చదివేది గంట. అది ఆఫీసు పెట్టిన పేరు. ఆమె గొంతు కాస్త మందం, మూడు గదుల అవతలికి వినబడుతుంది. బస్సులో ఆ గొంతు విని వెనక్కి తిరిగి ఇకిలించిన వెధవలు ఎందరో. ఈ గదిలో మాత్రం ఆ గొంతుకే జీతం. ఆమె ట్రాన్స్ మహిళ అని ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అంతవరకూ మంచివాళ్లే.

ఎక్కించేది పిన్ని. అసలు ఎవరికి పిన్నో ఎవరికీ గుర్తులేదు, ఇరవై ఆరేళ్లుగా అందరికీ పిన్నే. గంటకు పెళ్లి చేసి తీరాలని ఆవిడ కంకణం కట్టుకుంది. "ఒక కుర్రాడున్నాడే, బుద్ధిమంతుడు. నీ సంగతంతా చెప్పాను, అభ్యంతరం లేదన్నాడు" అని రోజూ టీ వేళకు మొదలుపెడుతుంది. గంట నవ్వి ఊరుకుంటుంది. మధ్యాహ్నం డబ్బా తెచ్చిచ్చి పోయే దర్జీ ఒకామె ఉంది. పిన్ని ఆమెను "నీ రూమ్మేటు" అంటుంది. ఆ రూమ్మేటుతో గంట కాపురం చేయబట్టి ఆరేళ్లయింది. బయటపడితే అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమంటారని, ఆఫీసులో చూపులు మారతాయని, ఇన్నాళ్లూ ఇద్దరూ నోళ్లు కుట్టేసుకుని బతికారు.

కన్నతల్లికి మాత్రం ఒకసారి చెప్పి చూసింది. "ఆడపిల్లే కావాలంటే మగాడిగానే ఉండి ఏడవచ్చుగా! ఏ శాస్త్రం ఒప్పుకుంటుందే దీన్ని?" అని తల్లి ఫోన్ పెట్టేసింది.

ఆ శాస్త్రం ఎక్కడో లేదు, గంట పనిచేసే గదిలోనే గోడకు అంటించి ఉంది. తొమ్మిదో నియమం. పుట్టినప్పుడు మగ అని రాసి, ఇప్పుడు స్త్రీ అని చెప్పుకున్న మనిషి, పదిహేడో ప్రశ్న దగ్గర తనకు ఆకర్షణ పురుషుల పట్ల అనకుండా వేరే ఏదైనా అంటే, ప్రశ్న అర్థం కాలేదని భావించి ఎర్ర ట్రేలో వెయ్యాలి. ఆహా, ఏం తెలివి!

రెండు వారాల కింద నూట నలభై ఎనిమిదో ఫారం చేతికొచ్చింది. చేతిరాత చూడగానే గంట గుర్తుపట్టింది. ఈ ఉద్యోగంలో చేరకముందు తాను నింపిచ్చిన ఫారమే అది. పదిహేడో ప్రశ్న చదివేటప్పుడు ఆమె గొంతు లోపలికి పోయింది.

"ఏంటే, గట్టిగా చదువు. వినబడి చావట్లేదు" అంది పిన్ని.

గంట మళ్లీ చదివింది. పిన్ని గోడకేసి చూసి, "పాపం, అర్థం కానట్టుంది. ఎర్ర ట్రే" అంది. గంట తన చేత్తోనే తనను ట్రేలో పడేసుకుంది. ఆ రోజు డబ్బాలో అన్నం అలాగే ఇంటికి వెళ్లిపోయింది.

ఇవాళ పదకొండు గంటలకు ప్రొఫెసర్‌గారు చీటీ పట్టుకొచ్చారు. పిన్ని సంతకం అప్పటికే ఉంది. మూడింటికి పత్రికలవాళ్లు వస్తున్నారు. మొదటి పట్టిక మీద పెద్ద అక్షరాలతో ఉంది: ట్రాన్స్ మహిళల్లో నూటికి నూరు మందికీ ఆకర్షణ పురుషుల పట్లే.

"ఇక్కడో సంతకం పడెయ్యమ్మా."

గంటకు తల్లి గుర్తొచ్చింది. రేపు పేపర్లో ఇది చూసి, చూశావా శాస్త్రమే చెప్పింది అంటుంది. జన్మలో ఇక ఆ ఫోన్ మోగదు.

"పెట్టను సార్" అంది గంట.

"ఏం?"

"ట్రేలో అరవై మూడు ఫారాలున్నాయి. మొత్తం రెండొందల పన్నెండు మంది ట్రాన్స్ మహిళల్లో అరవై మూడు మంది. అంతమంది తెలివితక్కువవాళ్లా సార్?"

ప్రొఫెసర్‌గారికి కోపం రాలేదు. ఆయన చెడ్డవాడు కాదు, ఈ సర్వే కోసం నాలుగేళ్లు కాళ్లరిగేలా తిరిగిన మనిషి. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "చూడమ్మా, జనానికి ఏదైనా తేలిగ్గా చెబితేనే ఎక్కుతుంది. ఇవన్నీ కలిపితే గందరగోళమైపోతుంది. మీవాళ్ల మంచికే చెబుతున్నా."

ఆ 'మీవాళ్ల మంచికే' అన్న మాటతో గంటకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి ట్రే తెచ్చి ఆయన ముందు దబ్బున పెట్టింది.

"నువ్వెవరు అని నాలుగో ప్రశ్నలో అడిగారు. నీకెవరంటే ఇష్టం అని పదిహేడో ప్రశ్నలో అడిగారు. రెండూ ఒకటే అయితే రెండుసార్లు ఎందుకడిగారు? నాలుగో జవాబు చూసి పదిహేడోది తప్పనేటట్టయితే, ఆ ప్రశ్న కొట్టేయండి, కాగితమైనా మిగులుతుంది. ఇదిగో, ఈ అంచున ఏం రాశారో చదవండి. 'ప్రశ్న అర్థమయ్యే రాశాను.' ఇదిగో ఇంకొకరు. 'మళ్లీ అడిగినా ఇదే చెబుతా.' మీరు నమ్మరని వాళ్లకు ముందే తెలుసు సార్!"

"అంచుల్లో రాసింది లెక్కలోకి రాదమ్మా" అన్నారాయన. గొంతులో మునుపటి బిగువు లేదు. "అర్థమై రాశారో లేదో ఇప్పుడు ఎవర్ని పిలిచి అడుగుతాం? ఇవి పేర్లు లేని ఫారాలు."

అద్దె ఇల్లు, కింద కుట్టుమిషను, గుమ్మంలో రెండు జతల చెప్పులు గంట కళ్ల ముందు తిరిగాయి. పోతే పోనీ అనుకుంది. నూట నలభై ఎనిమిది తీసి ఆయన చేతికిచ్చింది.

"నన్నడగండి. ఇది నాది."

పిన్ని కంప్యూటర్ వైపు నుంచి కుర్చీతో సహా తిరిగింది.

"మధ్యాహ్నం డబ్బా తెచ్చే మనిషి నా రూమ్మేటు కాదు పిన్నీ" అంది గంట. "నా మనిషి. ఆరేళ్లయింది. నేను ఆడదాన్నే, నాకు ఇష్టమైనదీ ఆడదే. ప్రశ్న నాకు శుభ్రంగా అర్థమైంది. అర్థం కానిది ఆ గోడమీది నియమానికి."

పిన్ని కళ్లజోడు తీసింది, చీరకొంగుతో తుడిచింది, మళ్లీ పెట్టుకుంది. "అయితే ఆ కుర్రాడి గురించి రోజూ నీ బుర్ర తిన్నానన్నమాట. చెప్పి చావొచ్చుగా!" అని కసిరింది. కసిరి, ప్రొఫెసర్‌గారి చేతిలోంచి చీటీ లాక్కుని తన సంతకం మీద అడ్డంగా గీత కొట్టింది.

"పిన్నీ! మూడింటికి పత్రికలవాళ్లు వస్తున్నారు" అన్నారు ప్రొఫెసర్‌గారు.

"రానివ్వండి. కుర్చీలేస్తాం, వాళ్లూ వింటారు. ఇరవై ఆరేళ్లుగా విన్నదే ఎక్కించాను సార్, విననట్టు నటించడం నా వల్ల కాదు." ఆవిడ కీబోర్డు ముందుకు జరిగింది. "ఏది, మొదలుపెట్టవే."

ప్రొఫెసర్‌గారు చేతిలోని ఫారాన్ని పదిహేడో ప్రశ్న దాకా చదివారు. ఎదురుగా నిలబడ్డ గంటనూ చూశారు. చివరికి ఫారాన్ని ఆమెకు తిరిగి ఇచ్చి, గోడ దగ్గరకు వెళ్లి, తొమ్మిదో నియమం కాగితాన్ని మూలపట్టి పీకారు. సగమే ఊడింది.

గంట నిలబడే చదివింది. రెండు వారాల కింద మింగేసిన గొంతంతా ఇప్పుడు బయటికొచ్చింది. "ఫారం నూట నలభై ఎనిమిది. నాలుగో ప్రశ్న, స్త్రీ. పదిహేడో ప్రశ్న, స్త్రీల పట్ల."

మూడు గదుల అవతల తలలు పైకి లేచాయి.

"వినబడిందా పిన్నీ?"

"వినబడిందే. తర్వాతది చదువు."